వార్నింగ్ నోరు మూయించకండి, దాని ప్రశ్నకు జవాబివ్వండి: పోర్టబుల్ సీ లైబ్రరీల మెయింటెయినర్లకు బహిరంగ లేఖ

పోర్టబుల్ సీ లైబ్రరీలను నిలబెడుతున్న మెయింటెయినర్లందరికీ నమస్కారం.

మీరు రాసిన కోడ్ మీద బతికే ప్రోగ్రాములు లెక్కలేనన్ని. వాటిలో కొన్ని నేను రాసినవి. మరికొన్నింటిని లినక్స్, విండోస్, మ్యాక్, బీఎస్‌డీల మీద బిల్డ్ చేసి అందించడం నా పని. అందుకే మీ సోర్స్ తరచూ తెరుస్తాను, మీకు వచ్చే ప్యాచ్‌లూ (కోడ్ సవరణలూ) చదువుతాను. వాటిలో ఒక రకం ప్యాచ్ నన్ను బాగా కలవరపెడుతోంది. పైన "కంపైలర్ వార్నింగ్‌లు సరిచేశాను" అని ఉంటుంది. లోపల చూస్తే, స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) కాపీ చేసే స్ట్ర్‌కాపీ ఉన్న చోటల్లా స్ట్ర్‌ఎన్‌కాపీనో స్ట్ర్‌కాపీ_ఎస్‌నో తెచ్చి పెట్టి ఉంటుంది. వార్నింగ్ పోతుంది, బిల్డ్ శుభ్రంగా కనిపిస్తుంది, మీరు థాంక్స్ చెప్పి కలిపేస్తారు. కోడ్ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కొన్నిసార్లు ముందుకన్నా ప్రమాదంలో పడుతుంది.

మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. స్ట్రింగ్ ఫంక్షన్ మీద వార్నింగ్ వచ్చిందంటే కంపైలర్ ఒక ప్రశ్న వేస్తోందని అర్థం. కాపీ వెళ్లి పడే గమ్యంలో, అంటే బఫర్‌లో, ఎంత చోటుందో ఈ లైన్‌కి తెలుసా, పట్టకపోతే ఏం చెయ్యాలో ముందే తేల్చుకున్నారా అని. ఈ ప్రశ్నకు జవాబివ్వని ప్యాచ్‌ని, వార్నింగ్ ఎంత చక్కగా మాయమైనా సరే, తీసుకోకండి.

ఏ రకం ప్యాచ్ గురించి చెబుతున్నానో ఒక లైన్ దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది:

స్ట్ర్‌ఎన్‌కాపీ(గమ్యం, మూలం, స్ట్ర్‌లెన్(మూలం));

స్ట్ర్‌కాపీ వద్దన్నారు కాబట్టి "ఎన్" ఉన్నది వాడారు. అది మూడో ఆర్గ్యుమెంట్ అడిగింది కాబట్టి చేతికందిన పొడవు ఇచ్చారు. ఇప్పుడు ఈ లైన్ ఏం చేస్తుంది? మూలం ఎంత పొడవుంటే అంతా కాపీ చేస్తుంది. గమ్యం 16 బైట్లే అయినా, మూలం 200 బైట్లు ఉంటే 200 బైట్లూ రాసేస్తుంది. అంటే చోటు దాటి రాసే ఓవర్‌ఫ్లో ఎప్పటిలాగే ఉంది. పైగా పొడవు చెప్పే స్ట్ర్‌లెన్, స్ట్రింగ్ ముగిసిందని తెలిపే చివరి సున్నా బైట్‌ని లెక్కపెట్టదు కాబట్టి ఆ సున్నా కాపీ కాదు. పాత స్ట్ర్‌కాపీ కనీసం స్ట్రింగ్‌ని ముగించేది, కొత్త లైన్ అదీ చెయ్యదు. మూలం పొట్టిగా ఉండి అంతా క్షేమంగా నడవాల్సిన చోట కూడా ఇప్పుడు కాపీ అయిన బైట్ల తర్వాత మెమరీలో ఏముంటే అది స్ట్రింగ్‌లో భాగమైపోతుంది. సవరణ పేరుతో వచ్చింది రెండో బగ్. జీసీసీ అనే కంపైలర్ కొత్త వెర్షన్లు దీన్ని పట్టుకుని, మీరిచ్చిన హద్దు మూలం పొడవు మీద ఆధారపడి ఉందని చెబుతాయి. పాత కంపైలర్లు, ఇంకా చాలా కంపైలర్లు ఏమీ అనవు. ప్యాచ్ పంపినవాళ్ల యంత్రం మీద ఏ కంపైలర్ ఉందన్న దాన్ని బట్టి ఇది మీ దాకా నిశ్శబ్దంగా వచ్చేస్తుంది.

స్ట్ర్‌ఎన్‌కాపీని స్ట్ర్‌కాపీకి "సేఫ్" రూపం అనుకోవడమే దీనికంతటికీ మూలం. అది అందుకోసం పుట్టలేదు. పాత యూనిక్స్‌లో డైరెక్టరీ ఎంట్రీ ఒక్కోటి 16 బైట్లు. 2 బైట్లు ఫైల్‌ని గుర్తించే ఐనోడ్ నంబర్‌కి, 14 బైట్లు ఫైల్ పేరుకి. పేరు సరిగ్గా 14 అక్షరాలుంటే చివర సున్నాకి చోటు లేదు, అవసరమూ లేదు. పొట్టి పేరైతే మిగతాదంతా సున్నాలతో నింపాలి. స్ట్ర్‌ఎన్‌కాపీ చేసేది కచ్చితంగా ఆ పనే. ఇలాంటి నిర్ణీత పొడవు ఫీల్డులు ఇప్పటికీ ఉన్నాయి. టార్ ఫైల్ హెడర్‌లో పేరుకి ఇచ్చే 100 బైట్ల ఫీల్డు అలాంటిదే. అక్కడ స్ట్ర్‌ఎన్‌కాపీ వాడటం సరైన పని. జీసీసీ 8 నుంచి "నాన్‌స్ట్రింగ్" అనే ఆట్రిబ్యూట్ ఉంది. ఆ ఫీల్డు మీద అది పెడితే, ఇది సున్నాతో ముగిసే స్ట్రింగ్ కాదని కంపైలర్‌కీ తెలుస్తుంది, తర్వాత చదివే మనిషికీ తెలుస్తుంది. జవాబివ్వడమంటే ఇదే. ఫీల్డు కాని చోట స్ట్ర్‌ఎన్‌కాపీ కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగి చూడండి. 4096 బైట్ల బఫర్‌లోకి పది అక్షరాలు కాపీ చేసినా మిగతా నాలుగు వేల పైచిలుకు బైట్లకు అది సున్నాలు రాస్తూ కూర్చుంటుంది.

ఇక విండోస్ సంగతి. విజువల్ స్టూడియో 2005 నుంచి స్ట్ర్‌కాపీ, స్ట్ర్‌క్యాట్, ఎస్‌ప్రింట్‌ఎఫ్ లాంటివి వాడితే సీ4996 వార్నింగ్ వస్తోంది. ఈ ఫంక్షన్ ప్రమాదకరం కావచ్చు, బదులుగా "_ఎస్" ఉన్నది వాడండి అని సలహా ఇస్తుంది. ఇది డిప్రికేషన్ (పాతబడింది, వాడొద్దు అనే) వార్నింగ్ రూపంలో వస్తుంది కాబట్టి, స్ట్ర్‌కాపీని సీ ప్రమాణమే పక్కన పెట్టిందని చాలామంది నమ్ముతున్నారు. సీ ప్రమాణం అలా ఎక్కడా అనలేదు. ప్రమాణం నిజంగా తీసేసింది ఇన్‌పుట్‌నుంచి లైన్ చదివే గెట్స్‌ని, 2011లో. దానికి బఫర్ సైజు చెప్పే దారే లేదు, 1988లో మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్ ఫింగర్ సర్వర్‌లోకి చొరబడింది ఆ సందులోంచే. గెట్స్ మీద వార్నింగ్ వస్తే చర్చ అక్కర్లేదు, తీసెయ్యడమే. స్ట్ర్‌కాపీ కథ వేరు. చోటు సరిపోతుందని పై లైన్లలో ఇప్పటికే తేల్చుకున్న స్ట్ర్‌కాపీ తప్పు కాదు.

"_ఎస్" ఫంక్షన్లు సీ11లో (2011 నాటి ప్రమాణంలో) అనెక్స్ కే అనే అనుబంధంగా చేరాయి కదా, వాడితే పోర్టబుల్‌గానే ఉంటుంది కదా అని ప్యాచ్ పంపినవాళ్లు అంటారు. అనెక్స్ కే ఐచ్ఛికం. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీలైన గ్లిబ్‌సీలో అది లేదు, మజిల్‌లోనూ లేదు. మైక్రోసాఫ్ట్ దగ్గర ఉన్నవి ఆ అనెక్స్‌కి పూర్తిగా సరిపోయేవి కావు. స్ట్ర్‌టోక్_ఎస్ అనెక్స్‌లో నాలుగు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, మైక్రోసాఫ్ట్‌లో మూడే. క్యూసార్ట్_ఎస్‌లో అయితే పోలిక ఫంక్షన్‌కి వెళ్లే ఆర్గ్యుమెంట్ల వరసే వేరు. 2015లో సీ ప్రమాణాల కమిటీ ముందుకొచ్చిన ఒక పత్రం, అమలులో ఎదురైన అనుభవాలన్నీ చూపించి, ఈ అనెక్స్‌ని తీసెయ్యమనో డిప్రికేట్ చెయ్యమనో సూచించింది. సీ23లోనూ అది ఉండిపోయింది. ఉన్నంతమాత్రాన మీ కోడ్ నడిచే చోటల్లా ఆ ఫంక్షన్లు దొరకవు.

దొరకవు కాబట్టి ఏం చేస్తున్నారో చూడండి. నేను చదివిన ప్యాచ్‌లన్నిటిలోకీ నాకు భయం పుట్టించింది ఇదే. కోడంతా స్ట్ర్‌కాపీ_ఎస్(గమ్యం, సైజు, మూలం) అని మార్చేస్తారు. విండోస్ కాని చోట కంపైల్ కావాలి కాబట్టి ఒక హెడర్‌లో మాక్రో (ఒక పేరు బదులు మరో కోడ్ పెట్టే నియమం) పెడతారు: స్ట్ర్‌కాపీ_ఎస్(గ, సై, మూ) అంటే స్ట్ర్‌కాపీ(గ, మూ). సైజు మధ్యలోనే మాయం. కోడ్ చదివేవాళ్లకి ప్రతి కాల్‌లోనూ సైజు కనిపిస్తుంది, చోటు చూసే రాస్తున్నారన్న ధీమా వస్తుంది. లినక్స్ మీద ఆ సైజుని పట్టించుకునే నాథుడు లేడు. ఆ సైజు తప్పైనా లినక్స్‌లో ఎవరికీ తెలియదు, విండోస్‌లో మాత్రం ప్రోగ్రామ్ పడిపోతుంది. మీ ప్రాజెక్టులో ఇలాంటి మాక్రో ఉందేమో దయచేసి ఈ రోజే వెతకండి. ఉంటే, మిగతా లేఖ తర్వాత చదివినా ఫర్వాలేదు, ముందు దాన్ని తీసెయ్యండి.

విండోస్ మీద పడిపోతుంది అన్నాను. అది కూడా మీరు ఆలోచించాల్సిన విషయమే. మైక్రోసాఫ్ట్ స్ట్ర్‌కాపీ_ఎస్‌కి చోటు సరిపోకపోతే అది ఎర్రర్ కోడ్ ఇచ్చి ఊరుకోదు. ముందుగా ఇన్‌వాలిడ్ పారామీటర్ హ్యాండ్లర్‌ని పిలుస్తుంది. మీరు వేరే హ్యాండ్లర్ పెట్టకపోతే మొత్తం ప్రాసెస్ ఆగిపోతుంది. ఓవర్‌ఫ్లో కన్నా ఆగిపోవడం మేలే, కాదనను. కానీ మీది లైబ్రరీ. మిమ్మల్ని పిలిచిన ప్రోగ్రామ్ ఒక ఎడిటర్ కావచ్చు, సర్వర్ కావచ్చు. ఎవరో పొడవైన పేరు ఇచ్చినందుకు వాళ్ల ప్రోగ్రామ్‌ని నిలువునా కూల్చే హక్కు లైబ్రరీకి లేదని నా అభిప్రాయం. పేరు పట్టలేదని చెప్పండి. ఏం చెయ్యాలో పిలిచినవాళ్లు తేల్చుకుంటారు.

ఇచ్చిన సైజులోపే ఫార్మాట్ చేసి రాసే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వీటన్నింటికన్నా మంచి దారి. సీ99 నుంచి ప్రమాణంలో ఉంది, సైజు సున్నా కానంత వరకు చివర సున్నా పెడుతుంది, అంతా పట్టాలంటే ఎన్ని అక్షరాల చోటు కావాలో తిరిగి చెబుతుంది. మ్యాక్‌ఓఎస్ 13 ఎస్‌డీకే నుంచి ఎస్‌ప్రింట్‌ఎఫ్‌కి డిప్రికేటెడ్ అని వస్తున్నప్పుడు అది చూపించేదీ దీన్నే. ఓపెన్‌బీఎస్‌డీ లింకర్ ఎప్పట్నుంచో ఇదే మాట చెబుతోంది. విజువల్ స్టూడియోలో మాత్రం 2015 వెర్షన్ నుంచే ప్రమాణం ప్రకారం నడిచే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వచ్చింది. అంతకుముందు ఉన్నది ముందు అండర్‌స్కోర్ ఉన్నది, అది బఫర్ నిండితే సున్నా పెట్టదు, కావలసిన పొడవూ చెప్పదు. అప్పట్లో ఆ రెండూ ఒకటేనంటూ పెట్టిన మాక్రోలు ఇంకా చాలా ప్రాజెక్టుల్లో మిగిలి ఉన్నాయి. వాటికి ఇప్పుడు పని లేదు.

ఇంత మంచి ఫంక్షన్‌ని కూడా వార్నింగ్ పోగొట్టడానికే వాడితే ఏమవుతుందో చూడండి. 64 బైట్ల బఫర్ ఉంది. దాంట్లో ఒకదాని తర్వాత ఒకటి ముక్కలు చేరుస్తూ, ప్రతిసారీ తిరిగొచ్చిన విలువని స్థానానికి కలుపుతూ పోతున్నారు. ఇప్పటికి 50 బైట్లు నిండాయి, మిగిలింది 14. తర్వాతి ముక్క పొడవు 30. ఫంక్షన్ 13 అక్షరాలు, ఒక సున్నా రాసి బుద్ధిగా ఆగుతుంది. తిరిగిచ్చేది మాత్రం 30, ఎందుకంటే అది చెప్పేది కావలసిన పొడవు, రాసిన పొడవు కాదు. స్థానం 80 అయింది. తర్వాతి కాల్‌కి మిగిలిన చోటు 64లోంచి 80 తీసేస్తే వచ్చేది. సైజులకి వాడే టైపులో రుణ సంఖ్యలు లేవు కాబట్టి 64 బిట్ల యంత్రం మీద అది 18446744073709551600 అవుతుంది. బఫర్ దాటి 16 బైట్ల అవతల నిలబడి, కావలసినంత చోటుందని ఫంక్షన్‌కి చెబుతున్నామన్నమాట. లినక్స్ కెర్నల్‌లో ఎస్‌సీఎన్‌ప్రింట్‌ఎఫ్ అని విడిగా ఒకటి ఉన్నది ఇందుకే. అది నిజంగా రాసినన్ని అక్షరాలే చెబుతుంది. మీ దగ్గర అది లేకపోయినా ప్రతి కాల్ తర్వాత "తిరిగొచ్చింది మిగిలిన చోటు కన్నా తక్కువేనా" అన్న ఒక్క పరీక్ష చాలు. రుణ విలువ వచ్చిందా అని కూడా చూడాలి, ఎర్రర్ అయితే అదే వస్తుంది.

ఈ పరీక్ష దగ్గరే కంపైలర్ మనసు తెలుస్తుంది. జీసీసీ 7లో ఫార్మాట్ ట్రంకేషన్ వార్నింగ్ వచ్చింది. దాని మొదటి స్థాయి, అంటే మామూలుగా అన్ని వార్నింగ్‌లూ ఆన్ చేస్తే వచ్చేది, తిరిగొచ్చిన విలువని మీరు వాడని చోటే మాట్లాడుతుంది. వాడితే ఊరుకుంటుంది. తెగిపోవచ్చని దానికి తెలిసినా, మీరు చూసుకుంటున్నారని కనిపిస్తే చాలనుకుంటుంది. ఈ వార్నింగ్ తప్పించుకోవడానికి ఆ ఫైల్ మొత్తానికి దాన్ని ఆపేసిన ప్రాజెక్టులు చూశాను. ఒక ఇఫ్ రాసి ఉంటే ఆపాల్సిన అవసరమే వచ్చేది కాదు.

తెగిపోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఉన్నారు. బఫర్ దాటలేదు కదా, భద్రంగానే ఉన్నాం కదా అంటారు. ఈ మాట ఎంత తప్పో మన లిపితోనే తెలుస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరానికో గుణింతపు గుర్తుకో ఇచ్చిన సంకేతం) ప్రతిదీ 3 బైట్లు. "తెలుగు" అన్న పదంలో మూడు అక్షరాలే కనిపించినా, గుణింతాలతో కలిపి కోడ్ పాయింట్లు 6, అంటే 18 బైట్లు. 16 బైట్ల బఫర్‌లో, చివరి సున్నా పోగా మిగిలిన 15 బైట్లలో పట్టేది "తెలుగ" వరకే. కొమ్ము పోయింది. అదే బఫర్ 17 బైట్లయితే ఇంకా అన్యాయం. అయిదు కోడ్ పాయింట్ల తర్వాత ఆరోదాని మొదటి బైట్ ఒక్కటే మిగులుతుంది. అది యూటీఎఫ్-8 కానే కాదు. దాన్ని జేసన్‌లో పెట్టి పంపితే అవతలివాళ్లు మొత్తం సందేశాన్నే తిప్పికొట్టవచ్చు. 16 బైట్లంటే 15 అక్షరాలు అనుకుని రాసిన కోడ్ అంతటా ఇది పొంచి ఉంది.

పేరు తెగితే వికారంగా కనిపిస్తుంది. ఫైల్ దారి తెగితే వేరే ఫైల్ తెరుచుకుంటుంది. హోస్ట్ పేరు తెగితే వేరే చోటుకి కనెక్ట్ అవుతారు. చెరిపెయ్యమని ఇచ్చిన దారి మధ్యలో తెగితే దాని పై డైరెక్టరీ మిగులుతుంది. వీటిలో ఏదీ మెమరీ బగ్ కాదు, మెమరీ తప్పులు వెతికే ఏ శానిటైజరూ పట్టుకోదు. అందుకే తెగడాన్ని మామూలుగా తప్పు కిందే లెక్కపెట్టండి. లాగ్ లైన్‌లోనో, స్క్రీన్ మీద చూపించే సందేశంలోనో తెగినా ఫర్వాలేదనిపిస్తే, ఆ మాట ఆ లైన్ దగ్గర రాసి ఉంచండి.

స్ట్ర్‌ఎల్‌కాపీ వాడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఓపెన్‌బీఎస్‌డీలో 1998లో పుట్టింది, మంచి ఆలోచన. చివర సున్నా తప్పక పెడుతుంది, మూలం పొడవు తిరిగి చెబుతుంది కాబట్టి తెగిందో లేదో పోల్చి చూడవచ్చు. గ్లిబ్‌సీలో చేరడానికి 2023 దాకా పట్టింది, వెర్షన్ 2.38లో వచ్చింది. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోజిక్స్ 2024 సంచికలోనూ చేరింది. విండోస్ రన్‌టైమ్‌లో లేదు. మూలం పొడవు చెప్పాలి కాబట్టి మూలాన్ని చివరిదాకా చదువుతుంది. మూలం నమ్మకం లేని చోటునుంచి వచ్చి, సున్నాతో ముగియకపోతే ఆ చదవడమే ప్రమాదం. లినక్స్ కెర్నల్‌వాళ్లు దీన్ని కాదని 2015లో వేరేది తెచ్చుకున్నారు, పట్టకపోతే అది రుణ ఎర్రర్ కోడ్ ఇస్తుంది. 2024లో వచ్చిన 6.8 వెర్షన్‌తో స్ట్ర్‌ఎల్‌కాపీని కెర్నల్‌లోంచి పూర్తిగా తీసేశారు. తిరిగొచ్చే విలువని చూడకుండా వాడితే స్ట్ర్‌ఎల్‌కాపీ కూడా చప్పుడు లేకుండా తెంపే యంత్రమే.

మరి నేను ఏం చెయ్యమంటున్నాను? ఒక చిన్న ఫైల్ రాసుకోండి. దాంట్లో మీ సొంత పేర్లతో రెండో మూడో ఫంక్షన్లు: కాపీ చేసేది, చివర అతికించేది, ఫార్మాట్ చేసేది. కాపీ చేసేది గమ్యం, గమ్యం సైజు, మూలం తీసుకుంటుంది. స్ట్ర్‌లెన్‌తో పొడవు చూస్తుంది. పొడవు సైజు కన్నా తక్కువైతే మెమ్‌కాపీతో సున్నాతో సహా కాపీ చేసి ఒప్పు అని చెబుతుంది. లేకపోతే గమ్యాన్ని ఖాళీ స్ట్రింగ్ చేసి తప్పు అని చెబుతుంది. సైజే సున్నా అయితే ఏమీ రాయదు. అయిదారు లైన్ల పని. స్ట్ర్‌లెన్, మెమ్‌కాపీ రెండూ సీ89 నాటినుంచి అన్ని చోట్లా ఉన్నాయి, మామూలు సెట్టింగుల్లో విజువల్ స్టూడియో వాటి మీద సీ4996 ఇవ్వదు. ఏ ప్లాట్‌ఫామ్‌కీ విడిగా కోడ్ ఎంచే ఇఫ్‌డెఫ్ అక్కర్లేదు. సగం పేరు మిగల్చకుండా ఖాళీ చెయ్యమన్నది కావాలనే. ఖాళీ పేరుతో ఫైల్ తెరవబోతే అక్కడే ఆగుతుంది, సగం పేరుతో తెరవబోతే ఇంకేదో తెరుచుకోవచ్చు.

తిరిగొచ్చే విలువని చూడకుండా వదిలేస్తే కంపైలరే అరిచేలా చేసుకోండి. జీసీసీ, క్లాంగ్‌లలో వార్న్ అన్‌యూజ్డ్ రిజల్ట్ ఆట్రిబ్యూట్ ఉంది, సీ23లో నోడిస్కార్డ్ ఉంది. జీసీసీలో మొదటిది ఎక్కువ గట్టిది, ముందు వాయిడ్ అని క్యాస్ట్ చేసినా ఊరుకోదు. ఇన్నాళ్లూ కంపైలర్ మిమ్మల్ని అడిగిన ప్రశ్ననే ఇప్పుడు మీరు మీ కాంట్రిబ్యూటర్లని అడుగుతున్నారు, అదీ మీ మాటల్లో.

గమ్యం సైజుని ఆ ఫంక్షన్‌కి అందించడం దగ్గర ఒక జాగ్రత్త. బఫర్ అర్రేగా ఉన్నప్పుడు సైజాఫ్ సరైన జవాబే ఇస్తుంది. ఎవరైనా ఆ కోడ్‌ని విడదీసి వేరే ఫంక్షన్‌లో పెట్టి, బఫర్‌ని పాయింటర్‌గా పంపితే అదే సైజాఫ్ 64 బిట్ల మీద 8 ఇస్తుంది. కంపైల్ అవుతుంది, టెస్టుల్లో పొట్టి పేర్లతో పాసవుతుంది. బఫర్ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా దాని సైజు కూడా వెంట వెళ్లాలని నియమం పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. నిజానికి వార్నింగ్‌ల పని అంతటిలో కష్టమైన భాగం ఇదే. సైజు తెలియని ఫంక్షన్‌లో లోపలి కాల్ మార్చి లాభం లేదు. ఫంక్షన్ సిగ్నేచర్ మారాలి, దాన్ని పిలిచే చోట్లన్నీ మారాలి. పబ్లిక్ ఏపీఐ అయితే పాతదాన్ని ఉంచి పక్కన కొత్తది పెట్టాలి. అందుకే తొందరలో ఉన్నవాళ్లు ఆ జోలికి పోకుండా ఏదో ఒక సైజు ఊహించి రాసేస్తారు. ఊహించిన సైజు కనిపిస్తే ఆ ప్యాచ్ వెనక్కి పంపండి.

కంపైలర్ పొరబడే సందర్భాలూ ఉంటాయి. తేదీని సంవత్సరం, నెల, రోజుగా 11 బైట్ల బఫర్‌లో రాస్తుంటే జీసీసీ ఒక్కోసారి ఒప్పుకోదు. నెల ఒక ఇంట్, 32 బిట్ల ఇంట్‌కి అచ్చులో 11 అక్షరాల దాకా పట్టవచ్చు, రుణ చిహ్నంతో కలిపి. నెల 12 దాటదని మీకు తెలుసు, దానికి తెలియదు. అది తెలిసేలా కోడ్‌లోనే చెప్పండి. పై లైన్‌లో పరిధి పరీక్ష పెట్టండి, చాలాసార్లు దాంతోనే వార్నింగ్ పోతుంది. లేదా బఫర్‌ని 36 బైట్లు చెయ్యండి, మూడు అంకెలకూ 33, గీతలు రెండు, సున్నా ఒకటి. స్టాక్ మీద ఆ 25 బైట్లు ఎవరికీ బరువు కాదు. ఇవేవీ కుదరకపోతే, ఆ ఒక్క లైన్ చుట్టూ వార్నింగ్ ఆపి, వెంటనే తిరిగి ఆన్ చేసి, ఎందుకు ఆపారో పక్కన ఒక వాక్యం రాయండి. ఈ వార్నింగ్‌లు ఆప్టిమైజేషన్ స్థాయిని బట్టి కూడా మారతాయని గుర్తుంచుకోండి. ఆప్టిమైజేషన్ లేకుండా బిల్డ్ చేసినప్పుడు కనిపించనివి, రెండో స్థాయిలో ఇన్‌లైనింగ్ జరిగాక బయటపడతాయి. రెండు రకాలుగానూ బిల్డ్ చేసి చూసినప్పుడే "వార్నింగ్‌లు లేవు" అన్న మాటకి విలువ.

ఆపడం గురించి నాదొక గట్టి విన్నపం ఉంది, ఇది మీ లైబ్రరీని వాడుకునేవాళ్ల తరఫున. సీ4996ని మీ పబ్లిక్ హెడర్‌లో ఆపకండి. పాత స్థితిని దాచి తిరిగి తెచ్చే పుష్, పాప్ లేకుండా హెడర్‌లో ఆపితే, ఆ హెడర్‌ని కలుపుకున్న ప్రతి ఫైల్‌లోనూ ఆగిపోతుంది. ఆ నంబర్ స్ట్రింగ్ ఫంక్షన్లకే ప్రత్యేకం కాదు, డిప్రికేటెడ్ అని గుర్తుపెట్టిన అన్నింటికీ అదే నంబర్. మా కోడ్‌లో మేం పాతబడిందని గుర్తు పెట్టుకున్న ఫంక్షన్ల మీద వచ్చే హెచ్చరికలు కూడా మీ హెడర్ మింగేస్తుంది. మీ సోర్స్ ఫైళ్ల వరకు విండోస్ వార్నింగ్ వద్దనుకుంటే, బిల్డ్ ఫైల్‌లో _సీఆర్‌టీ_సెక్యూర్_నో_వార్నింగ్స్ అని డిఫైన్ చెయ్యండి. అది ఆ వర్గాన్నే ఆపుతుంది, మీ గోడ దాటి రాదు. పైన చెప్పిన చిన్న ఫైల్ పెట్టుకున్నాక అలా చెయ్యడంలో తప్పేమీ కనిపించడం లేదు నాకు. కోడ్ అప్పటికే జవాబిచ్చేసింది. స్ట్ర్‌డప్ లాంటి పోజిక్స్ పేర్ల మీద విండోస్‌లో వచ్చేది కూడా ఈ నంబర్‌తోనే వస్తుంది. అది పేరు గురించిన గొడవే, ప్రమాదం గురించినది కాదు. దాన్ని ఆపే డిఫైన్ వేరే ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి భద్రత ప్యాచ్ అని పంపితే, విడదీసి పంపమని అడగండి.

విడుదల చేసే టార్‌బాల్‌లో వార్నింగ్‌లని ఎర్రర్లుగా మార్చే ఫ్లాగ్ ఉంచకండి. కొత్త జీసీసీ వచ్చినప్పుడల్లా కొత్త వార్నింగ్‌లు వస్తాయి. నిన్నటిదాకా బిల్డ్ అయిన మీ పాత వెర్షన్ ఒక్క అక్షరం మారకుండానే ఆగిపోతుంది. దాన్ని ప్యాకేజ్ చేసేవాళ్లకి మీ కోడ్ లోపలి సంగతులు తెలియవు, గడువు మాత్రం ఉంటుంది. నేను మొదట్లో చూపించిన లైన్ లాంటివి పుట్టేది సరిగ్గా ఆ ఒత్తిడిలోనే. ఆ ఫ్లాగ్ మీ సీఐలో (ప్రతి మార్పునీ బిల్డ్ చేసి చూసే వ్యవస్థలో), వెర్షన్ తెలిసిన కంపైలర్ మీద ఉండనివ్వండి. అక్కడ దాని కాఠిన్యం కోడ్ తెలిసినవాళ్ల మీద పడుతుంది.

మీలో చాలామంది జీతం లేకుండా, రాత్రిళ్లు కూర్చుని ఈ పని చేస్తున్నారని తెలుసు. ఏదో సంస్థ స్కానర్ నడిపి, కనిపించిన ప్రతి స్ట్ర్‌కాపీకీ ఒక ఫిర్యాదు పెట్టి, ఫలానా తేదీలోగా సున్నా చెయ్యాలని అడిగినప్పుడు మీ మీద పడే బరువు ఎంతో ఊహించగలను. కొన్ని విశ్లేషణ పరికరాలు మెమ్‌కాపీ మీద కూడా అనెక్స్ కే వాడమని సలహా ఇస్తాయి, ఆ అనెక్స్ లేని ప్లాట్‌ఫామ్ మీద కూర్చుని. అలాంటి జాబితాకి మీరు లొంగాల్సిన పనిలేదు. "ఈ కాల్‌లో మూలం ఎంత పొడవుంటే ఓవర్‌ఫ్లో అవుతుందో చూపించండి" అని ఒక్కసారి అడగండి. చూపించగలిగితే అది నిజమైన బగ్, వాళ్లకి కృతజ్ఞత చెప్పి ఆ రోజే సరిచెయ్యాలి. చూపించలేకపోతే మీ కాంట్రిబ్యూషన్ నియమాల పేజీ లింక్ ఇవ్వండి.

ఆ పేజీలో స్ట్రింగ్‌ల గురించి ఒక పేరా ఉండాలని నా కోరిక. ఈ ప్రాజెక్టులో స్ట్రింగ్ కాపీలన్నీ ఫలానా ఫైల్‌లోని ఫంక్షన్ల ద్వారానే జరగాలి, బఫర్ వెంట సైజు రావాలి, తెగితే ఎర్రర్, వార్నింగ్ ఆపితే కారణం రాయాలి. ఇంతే. ఈ పేరా ఉన్న ప్రాజెక్టుకి కొత్తగా వచ్చిన విద్యార్థి కూడా సరైన ప్యాచ్ పంపగలుగుతారు. లేని ప్రాజెక్టుకి అనుభవజ్ఞులు పంపినా ఒక్కొక్కరు ఒక్కో దారిలో పంపుతారు.

ఈ పని చెయ్యడానికి ఒప్పుకునే ఏ ప్రాజెక్టుకైనా మొదటి ప్యాచ్ నేను పంపుతాను. అందులో ఆ చిన్న ఫైలూ, దాని టెస్టులూ మాత్రమే ఉంటాయి. సరిగ్గా పట్టే పొడవు, ఒకటి ఎక్కువైన పొడవు, సున్నా సైజు, ఖాళీ మూలం, అన్నీ అడ్రస్ శానిటైజర్ కింద నడిపి చూస్తాను. పాత కాల్స్‌ని మార్చడం ఆ తర్వాత, ఒక్కో ఫైల్‌గా, ఆ కోడ్ తెలిసినవాళ్లు పక్కనుండగా జరగాలి. ఎక్కడ తెగితే ఫర్వాలేదో, ఎక్కడ తెగితే ఆగాలో చెప్పగలిగేది మీరే.

ఇట్లు,
మీ లైబ్రరీలతో రోజూ పనిచేసే ఒక ప్రోగ్రామర్